పేరు ఎవరిది, రాత ఎవరిది?

రెండు నెలల కిందటి సంచికలో పాఠకుల పుటలో అచ్చయిన ఒక కవిత, దానిని పంపిన వ్యక్తి రాసినది కాదని అసలు కవి మాకు ఉత్తరం రాశారు. విచారించగా ఆయన మాట నిజమని తేలడంతో గత సంచికలో క్షమాపణ ప్రకటించి, ఆ కవితను ఆయన పేరుతోనే తిరిగి అచ్చువేశాం. నాలుగు వాక్యాల ఆ ప్రకటన చూసి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈ శీర్షికకు వచ్చినన్ని జాబులు ఇంతకు ముందు ఏ విషయం మీదా రాలేదు. వారిలో తమ రాత పోగొట్టుకున్నవారు ఉన్నారు, తాము చేసింది తప్పో కాదో తెలియక మథనపడుతున్నవారు ఉన్నారు, చూసి అచ్చువేయడం చేతకాదా అని మమ్మల్ని దులిపేసినవారూ ఉన్నారు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం ఈ విషయానికే కేటాయించి ఆరు జాబులు ఎంచుకున్నాను. పేర్ల గురించిన చర్చలో పేర్లు లేకపోవడం వింతగా కనిపించవచ్చు గాని, రాసినవారి కోరిక మీదే వాటిని వదిలేశాను.

ప్రశ్న: నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తున్నాను. తిక్కన నాటకీయత మీద రాసిన నా సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తే 34 శాతం సారూప్యత ఉన్నట్టు వచ్చింది. నేను ఎవరి పుస్తకమూ దొంగిలించలేదు. మాటకు బదులు మాట వేసి, వాక్యాలు అటూ ఇటూ మార్చి మళ్లీ పెడితే శాతం తగ్గిపోతుందని తోటివారు అంటున్నారు. అలా చేయవచ్చా? అసలు ఎంత తీసుకుంటే గ్రంథచౌర్యం అవుతుంది?
– పరిశోధక విద్యార్థిని, కావలి

జవాబు: అమ్మా, ముందుగా మీ చివరి ప్రశ్నకు వస్తాను. ఎంత తీసుకుంటే అన్న లెక్కతో మొదలుపెడితే దారి తప్పుతాం. ఇతరుల మాటలను గాని, ఆలోచనను గాని, వారు శ్రమపడి సేకరించిన సమాచారాన్ని గాని, వారు కట్టిన వాదక్రమాన్ని గాని తీసుకుని, అది వారిదని చెప్పకుండా, చదివేవారు మనదేనని అనుకునేటట్టు మన పేరు కింద పెట్టడమే గ్రంథచౌర్యం. ఇందులో తీసుకోవడం సగం, చెప్పకపోవడం మిగతా సగం. ఆ రెండో సగం లేనప్పుడు మొదటి సగాన్ని మనం గౌరవంగా పరిశోధన అని పిలుస్తున్నాం. పది పుటలు తీసుకుని పది పుటలకూ మూలం చెప్పినవాడు, సొంత మాట తక్కువైందని పరీక్షకుల చేత చీవాట్లు తినవచ్చు గాని దొంగ అనిపించుకోడు. ఒకే ఒక్క పరిశీలన తీసుకుని, అది తనకు తట్టినట్టు రాసుకున్నవాడు అనిపించుకుంటాడు.

గ్రంథచౌర్యానికి ఇంగ్లీషు నుంచి మనకు వచ్చిన ప్లేజరిజం అనే మాట వెనుక ఒక కవి కోపం ఉంది. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో రోములో మార్షల్ అనే కవి, తన పద్యాలను మరొకడు తనవిగా చదివి వినిపిస్తున్నాడని తెలిసి వాడిని ప్లాగియారియస్ అని తిట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు మనుషులను ఎత్తుకుపోయేవాడని అర్థం. మన దేశంలో 7వ శతాబ్దంలో సంస్కృత కవి బాణుడు హర్షచరిత్ర ఆరంభంలోనే, అక్షరాలు మార్చి, రచనలో ఉన్న ఆనవాళ్లు కప్పిపెట్టే కవిని ఎవరూ నోరు విప్పి చెప్పకపోయినా సజ్జనులు దొంగగా పోల్చుకుంటారని అన్నాడు. మీ తోటివారు మీకు ఇచ్చిన సలహా సరిగ్గా బాణుడు వర్ణించిన పనే. పదమూడు వందల ఏళ్లు దాటిన తరువాత కూడా ఉపాయం మారలేదు.

ఉదాహరణ కోసం ఒక విమర్శకుడి వాక్యాన్ని నేనే కల్పిస్తాను: ‘తిక్కన తాను కథ చెప్పడం కంటే పాత్రల చేత మాట్లాడించడానికే ఎక్కువ ఇష్టపడతాడు, అందుకే విరాటపర్వం చదువుతుంటే రంగస్థలం ముందు కూర్చున్నట్టుంటుంది.’ దీనిని మీరు ‘కథనం కన్నా సంభాషణ వైపే కవిబ్రహ్మ మొగ్గు చూపడం వల్ల ఈ పర్వ పఠనం నాటకం తిలకించిన అనుభూతిని కలిగిస్తుంది’ అని మార్చి రాస్తే పెద్దగా మాటలు కలవవు, సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు, శాతం తగ్గుతుంది. అయినా ఆ పరిశీలన ఆ విమర్శకుడిదే. ఆయన పేరు లేకపోతే అది చౌర్యమే. పైగా మొదటి వాక్యంలో ఉన్న ప్రాణం రెండో వాక్యంలో పోయింది. అదే మీరు, ‘ఫలానావారు విరాటపర్వాన్ని రంగస్థలంతో పోల్చారు; అయితే ద్రౌపది అర్ధరాత్రి వంటశాలకు వెళ్లి భీముణ్ణి లేపే చోట కవి సంభాషణకు ముందు ఎంత వర్ణన ఇచ్చాడో చూస్తే ఆ పోలికను కొంత సవరించుకోవాలనిపిస్తుంది’ అని రాశారనుకోండి. అప్పుడు ఆయన మాట ఆయనకు మిగిలింది, మీ మాట మీకు దక్కింది, పరీక్షకుడికి ఏది ఎవరిదో స్పష్టంగా కనిపించింది.

ఇక అంకెల సంగతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథాల్లో 10 శాతం వరకు సారూప్యతకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే 6 నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. 40 దాటి 60 వరకు ఉంటే సవరించిన ప్రతిని ఏడాది పాటు తీసుకోరు. 60 దాటితే నమోదే రద్దవుతుంది. అయితే ఈ లెక్క వేయడానికి ముందు మూలం చెప్పి ఉటంకించిన భాగాలను, ఆధార గ్రంథాల పట్టికను, విషయసూచికను, ముందుమాటను, కృతజ్ఞతలను మినహాయించాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. అందరికీ తెలిసిన సాధారణ విషయాలు, యాదృచ్ఛికంగా కలిసిన మాటలు వరుసగా 14 పదాల వరకు ఉంటే వాటినీ లెక్కలోకి తీసుకోరాదు. మీ 34 శాతంలో తిక్కన పద్యాలు ఎంత ఉన్నాయో ముందు చూడండి. భారతం మీద పరిశోధన చేసేవారు భారత పద్యాలు ఇవ్వకుండా ఎలా రాస్తారు? పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య ఇచ్చి ఉంటే అవి ఉటంకింపులే కాబట్టి, మినహాయించి మళ్లీ లెక్కించమని రాతపూర్వకంగా అడగడం మీ హక్కు. మిగిలిన శాతం విమర్శకుల వాక్యాలైతే ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ఇది నేను ఉటంకించవలసినదా, వదిలేయవలసినదా, దీని మీద నాకు చెప్పడానికి ఏమైనా ఉందా అని ప్రశ్నించుకోండి. అది ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, అందుకే 6 నెలల గడువు ఇచ్చారు.

తెలుగు పరిశోధకులు బయటికి చెప్పుకోని సంగతి ఒకటుంది. మన సిద్ధాంత గ్రంథాలు చాలా కాలం డి.టి.పి. సెంటర్లలో అను ఫాంట్లలోనే టైపయ్యాయి. అవి యూనికోడ్ కావు. వాటిలోని అక్షరాలు యంత్రానికి అర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపిస్తాయి కాబట్టి, పుస్తకం మొత్తం ఎత్తి రాసినా పోల్చి చెప్పడం దానికి సాధ్యం కాదు. అందువల్ల తెలుగులో సున్నా శాతం వచ్చిన గ్రంథం శుద్ధమైనదనీ, 34 వచ్చినది మలినమైనదనీ నేను ఒప్పుకోను. అంకె చూసి ఆగిపోకుండా గ్రంథం చదివే పరీక్షకుడు ఉంటేనే ఈ పరీక్షకు అర్థం.

ప్రశ్న: మా ఊళ్లో ఒక సెంటర్‌లో డబ్బిస్తే ప్రాజెక్టు రిపోర్టులు, డిసర్టేషన్లు రాసి ఇస్తున్నారు. ఇప్పుడు పిల్లలు అదీ మానేసి చాట్‌జీపీటీ చేత రాయించుకుంటున్నారు. అడిగితే, ‘రాసినవాడు ఒప్పుకుని డబ్బు తీసుకున్నాడు, యంత్రానికైతే అభ్యంతరమే లేదు, ఇంక దొంగతనం ఎక్కడుంది సార్?’ అని నన్నే ఎదురు ప్రశ్నిస్తున్నారు. ఏం చెప్పాలి?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, ఒంగోలు

జవాబు: మీ విద్యార్థులు తెలివైనవారే, ప్రశ్నలో పదును ఉంది. సొమ్ము పోగొట్టుకున్నవాడు లేకపోతే దొంగతనం లేదన్నది వారి వాదం. గ్రంథచౌర్యంలో నష్టపోయేవారు ఇద్దరు. ఒకరు రాసినవారు, రెండోవారు చదివేవారు. డబ్బు తీసుకుని రాసిచ్చినవాడు తన వంతు ఫిర్యాదు వదులుకోవచ్చు గాని, మీ తరఫున వదులుకునే అధికారం అతనికి లేదు. మీరు మార్కులు వేస్తున్నది ఆ కాగితాలకు కాదు, వాటి వెనుక ఉన్నాడని మీరు నమ్మిన విద్యార్థి శ్రమకు. ఒంగోలు సంతలో గిత్తను కొనేవాడికి వేరే ఎద్దు నడక చూపించి బేరం కుదిర్చితే, నడిచిన ఎద్దు యజమాని ఒప్పుకున్నాడన్న కారణంతో బేరం న్యాయమవుతుందా అని అడిగి చూడండి.

యంత్రం విషయంలో నా అభిప్రాయం కొంచెం మెతకగానే ఉంటుంది. విషయం అర్థం చేసుకోవడానికి, అక్షరదోషాలు చూసుకోవడానికి వాడుకుంటే, ఆ మాట ముందుమాటలో ఒక వాక్యంగా చెబితే నాకు అభ్యంతరం లేదు. చెప్పకుండా మొత్తం దాని చేతే రాయించి కింద సంతకం పెడితే, పక్కింటి అన్న చేత రాయించుకున్నదానికీ దీనికీ తేడా కనిపించడం లేదు. పైగా ఎవరూ రాయని పుస్తకాలను కూడా యంత్రం ఆధారాలుగా చూపిస్తుంది. విద్యార్థి ఇచ్చిన ఆధార గ్రంథాల్లో రెండింటిని తెచ్చి చూపించమనండి, చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: పదేళ్ల కిందట ఒక హిందీ కథ చదివాను. ఇంట్లో పెద్దవాడు భూమి అమ్మిన సంగతి భార్యకు చెప్పలేక రోజూ పొలానికి వెళ్లినట్టు నటించడం దాని ఇతివృత్తం. అది మనసులో ఉండిపోయి, ఈ మధ్య మా మెట్ట ప్రాంతపు పొగాకు రైతు మీద కథ రాశాను. ఊరు, మనుషులు, యాస, ముగింపు అన్నీ నావి. కథ అచ్చయ్యాక ఒక మిత్రుడు హిందీ కథ గుర్తు చేసి, ‘ఇది కాపీ కదా’ అన్నాడు. నిద్ర పట్టడం లేదు.
– కథారచయిత, కందుకూరు

జవాబు: నిద్ర పట్టకపోవడమే మీరు దొంగ కాదనడానికి కొంత సాక్ష్యం. అయినా విషయం విచారించవలసిందే.

9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చివరి అధ్యాయంలో, కవుల రచనలు ఒకదానిని ఒకటి పోలడం మూడు విధాలని చెప్పాడు. అద్దంలో ప్రతిబింబం లాంటి పోలిక ఒకటి, మనిషికీ అతని బొమ్మకూ ఉండే పోలిక రెండోది, ఇద్దరు మనుషుల మధ్య కనిపించే పోలిక మూడోది. ప్రతిబింబానికి సొంత ఆత్మ లేదు, బొమ్మలో ఉన్నది తుచ్ఛమైనది, కాబట్టి ఆ రెండింటినీ కవి విడిచిపెట్టాలన్నాడు. మూడో పోలికకు మాత్రం అభ్యంతరం చెప్పలేదు. ముఖాలు కలిసినంత మాత్రాన ఇద్దరు మనుషులను ఒక్కరే అనలేం కదా. ఆయన తరువాత వచ్చిన రాజశేఖరుడు కావ్యమీమాంసలో, దొంగ కాని కవీ లేడు, దొంగ కాని వర్తకుడూ లేడు, దాచుకోవడం తెలిసినవాడు నింద లేకుండా సుఖపడతాడు అని చమత్కరించి, పద హరణం, అర్థ హరణం అంటూ అధ్యాయాల కొద్దీ భేదాలు చెప్పాడు. నాకు రాజశేఖరుడి చతురత ఇష్టం గాని, తీర్పు మాత్రం ఆనందవర్ధనుడి దగ్గరే తీసుకుంటాను.

చట్టమూ దాదాపు ఆ మాటే అంటుంది. ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో 1978లో సుప్రీంకోర్టు, ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక, పౌరాణిక విషయాలకు కాపీరైట్ ఉండదనీ, వాటిని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందనీ, రెండూ చూసిన మనిషికి ఒకటి మరొకదాని నకలేనన్న అభిప్రాయం నిస్సందేహంగా కలిగితేనే ఉల్లంఘన అవుతుందనీ చెప్పింది. మీరు చెప్పిన దాన్నిబట్టి మీ కథ ఆ గీత దాటినట్టు లేదు. సన్నివేశాల వరుస, కీలకమైన సంభాషణలు, కథ మలుపు తిరిగే చోటు కూడా అక్కడివే అయితే మాత్రం అది అనుసరణ అవుతుంది. అనువాదానికి, అనుసరణకు మూల రచయిత అనుమతి తీసుకోవాలి. మన దేశంలో రచయిత జీవించినంత కాలం, మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ల పాటు ఆ హక్కు ఉంటుంది. 1960లో మరణించినవారి రచనల మీద హక్కు 2020తో ముగిసింది. అయితే హక్కు ముగిసిన రచనను ఎవరైనా అచ్చువేసుకోవచ్చునే గాని, ఎవరైనా తనదని చెప్పుకోవచ్చునని కాదు. కాపీరైట్‌కు కాలపరిమితి ఉంది, గ్రంథచౌర్యానికి లేదు.

చట్టం వదిలేసిన చోట మీ మనసు వదలడం లేదు కాబట్టి ఒక పని చేయండి. కథ సంపుటిలో వేసేటప్పుడు చివర, ఫలానా కథ చదివినప్పుడు కలిగిన ఊహ ఈ కథకు మూలమని ఒక వాక్యం రాయండి. అలా రాస్తే చిన్నతనం అవుతుందని మనవాళ్లకు ఒక భయం ఉంది. తిక్కన శిష్యుడు కేతన, దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరిత్రను తెనిగించి గురువుకే అంకితమిచ్చాడు. లోకం ఆయనను అభినవదండి అని పిలిచింది. మూల రచయిత పేరే ఆయనకు బిరుదైంది. శ్రీనాథుడు శ్రీహర్షుడి నైషధాన్ని తెనిగించినప్పుడు పండితులు, ‘నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకు ఇచ్చెయ్’ అన్నారని ఒక చాటు కథ ఉంది. సంస్కృత సమాసాల చివర డు, ము, వు, లు అనే తెలుగు ప్రత్యయాలు తగిలించడం తప్ప ఏమీ చేయలేదని వారి ఎత్తిపొడుపు. ఎంత ఎత్తిపొడిచినా వారెవ్వరూ ఆయనను దొంగ అనలేకపోయారు, ఎందుకంటే మూలం ఎవరిదో ఆయన దాచలేదు.

మీ జాబు చదువుతుంటే నా పాత తప్పు ఒకటి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంస్మరణ సంచికకు వ్యాసం రాస్తూ, మా గురువుగారి తరగతి నోట్సులోని రెండు పేరాలు యథాతథంగా దింపుకున్నాను. నోట్సు అచ్చు పుస్తకం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గురువుగారు వ్యాసం చదివి, ‘బాగా రాశావు నాయనా, ఎక్కడో విన్నట్టుంది’ అని మాత్రం అన్నారు. ఆ తరువాత ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను గాని, ఆ వ్యాసాన్ని ఏ సంపుటిలోనూ చేర్చుకోలేకపోయాను.

ప్రశ్న: మా అమ్మ పోయినప్పుడు ఒక చిన్న కవిత రాసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఏడాది తిరిగేసరికి అది ఎక్కడెక్కడో తిరిగి, కింద ‘సేకరణ’ అని వేరొకరి పేరుతో నాకే వచ్చింది. ఇంకొకరైతే తమ ఇంటి సంవత్సరీకం కార్డు మీద రచయిత తామేనన్నట్టు వేసుకున్నారు. రిజిస్టర్ చేయించలేదు కాబట్టి నాకు హక్కు లేదని మా వారు అంటున్నారు. నిజమేనా?
– గృహిణి, గూడూరు

జవాబు: మీ వారితో ఈ ఒక్క విషయంలో విభేదించక తప్పదు. కాపీరైట్ హక్కు రచన కాగితం మీద గాని, ఫోనులో గాని రూపం పొందిన క్షణం నుంచే ఉంటుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా పనికొస్తుంది తప్ప హక్కుకు అది షరతు కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్, రచన తనదని చెప్పుకునే హక్కును ప్రత్యేకంగా రచయితకు ఇచ్చింది. హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా ఆ ఒక్కటి రచయిత దగ్గరే ఉంటుంది. తెలిసి తెలిసి ఉల్లంఘించినవారికి అదే చట్టంలో 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అమ్మ మీద రాసిన కవిత కోసం మీరు కోర్టు మెట్లు ఎక్కాలని మాత్రం నేను అనను. గ్రూపులో మొదట పెట్టిన సందేశం తేదీతో సహా కనిపించేటట్టు స్క్రీన్‌షాట్ తీసి, కార్డు వేయించినవారికి మర్యాదగా పంపండి. చాలామంది సిగ్గుపడి ఊరుకుంటారు, కొందరు మీ పేరు వేస్తారు.

‘సేకరణ’ అనే మాట గురించి కొంత చెప్పాలి. ఒకప్పుడు పల్లెల్లో తిరిగి జానపద గేయాలు, సామెతలు రాసుకున్నవారు ఆ మాట నిజాయితీగా వాడారు. గేయానికి కర్త ఎవరో తెలియదు, నేను విని రాసుకున్నాను అని దాని అర్థం. ఇవాళ కర్త పేరు ఉన్నచోట దానిని చెరిపి, ముందుకు తోసినవారు తమ పేరు పెట్టుకోవడానికి ఆ మాట మారువేషం అయింది. మా పత్రికకు వచ్చే రచనల్లో కూడా ఆ మాట కనిపించిన వెంటనే ఇకమీదట అడగదలచుకున్నాం, ఎవరి దగ్గర సేకరించారని.

ప్రశ్న: నాది బట్టల దుకాణం. పవర్‌లూమ్ మీద నేసిన చీరలను వెంకటగిరి చీరలని చెప్పి నాకు అమ్మజూపుతున్నారు. ఇది కూడా మీరు చెప్పే చౌర్యంలోకే వస్తుందా?
– వ్యాపారి, నెల్లూరు

జవాబు: వరుస తిరగబడింది చూడండి. గ్రంథచౌర్యంలో సరుకు ఇతరులది, పేరు మనది. ఇక్కడ సరుకు వారిది, పేరు ఇతరులది. చట్టంలో ఈ రెండోదానిని పాసింగ్ ఆఫ్ అంటారు. మోసపోయే తీరు మాత్రం రెండింట్లోనూ ఒకటే. దేనికి డబ్బిస్తున్నామో, ఎవరిని మెచ్చుకుంటున్నామో తెలియకుండా పోతుంది. వెంకటగిరి చీరకు 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, ఆ పేరును అక్కడి నేతకు చెందని సరుకు మీద వాడడం చట్టవిరుద్ధం. మీరు ఆ చీరలను అదే పేరుతో తిరిగి అమ్మితే, తెలిసే అమ్మినట్టవుతుంది. అంచు మీద జాందానీ పువ్వును తిప్పి వెనుకవైపు చూడడం మీకు నేను నేర్పవలసిన పని కాదు.

ప్రశ్న: మీ ప్రకటన చదివి మా మనవరాలు నన్ను ఒక ప్రశ్న అడిగింది. గుడ్లూరు ఎర్రన అరణ్యపర్వంలో మిగిలిన భాగం రాసి, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికి అంకితమిచ్చాడు గదా, మరి అది మోసం కాదా అని. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన నాకు వెంటనే జవాబు తోచలేదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కనిగిరి

జవాబు: అయ్యా, మీ మనవరాలికి నా ఆశీస్సులు. ఈ నెల జాబుల్లో నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టింది ఆ అమ్మాయి ప్రశ్నే.

ముందు తిక్కన సంగతి. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న ఆ మహాకవి విరాటపర్వం మొదలుపెడుతూ, ముందున్న మూడు కృతులూ, అంటే భారతంలో మొదటి మూడు పర్వాలూ, ఆంధ్ర కవిత్వ విశారదుడైన నన్నయభట్టు చేశాడని పేరు పెట్టి చెప్పాడు. తన ముందరి పని ఎవరిదో, తన పని ఎక్కడ మొదలవుతుందో గీత గీసినట్టు చెప్పిన ఆ పద్యాన్ని మించిన మూల ప్రకటన ఏ పరిశోధన గ్రంథంలోనూ నేను చూడలేదు. మూడోదైన అరణ్యపర్వం అసంపూర్ణమన్న మాట మాత్రం ఆయన ఎత్తలేదు. ఆ ముడి పండితులు ఇంకా విప్పుతూనే ఉన్నారు.

ఆ గండిని 14వ శతాబ్దంలో ఎర్రన పూడ్చాడు. ఆయన రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి ఆదరణ పొందిన కవి. తన ప్రభువుకో, తన దేవుడికో అంకితమిచ్చుకోవచ్చు. అలా చేయకుండా, సుమారు మూడు వందల ఏళ్ల కిందటి కవి చేతిలో ఆగిపోయిన పనిని ఆయన రచనే అన్నట్టు, ఆయన రాజుకే అంకితంగా పూర్తిచేశాడు. తన శ్రమను ఇతరుల పేరున జమకట్టాడు. గ్రంథచౌర్యానికి ఇది పూర్తిగా ఎదురు దిశ. వ్యాపారిగారి ప్రశ్నలోని నకిలీ చీర వరుసలోకి ఇది వస్తుందా అని మీ మనవరాలు గడుసుగా అడగవచ్చు, ఎందుకంటే అక్కడ కూడా పని ఒకరిది, పేరు మరొకరిది. నకిలీ నేసినవాడు ఆ పేరుతో లాభం పొందుతాడు, సంగతి దాస్తాడు. ఎర్రన పర్వం చివర, నన్నయ కవితారీతి కొంత తోచేటట్టు, ‘తద్రచనయకా’, అంటే ఆయన రచనే అన్నట్టుగా, అరణ్యపర్వ శేషాన్ని తాను పూరించానని తన పేరుతో పద్యం పెట్టాడు. చదివేవాడికి ఏదీ దాచలేదు. మోసపోయినవాడు లేడు, నష్టపోయినవాడు లేడు.

మీ మనవరాలికి పాఠంగా చెప్పకుండా పద్యాలే వినిపించండి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో నన్నయ ‘శారదరాత్రులు’ అంటూ శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగిపోయాడు. ఆ వెంటనే ఎర్రన ‘స్ఫురదరుణాంశు’ అంటూ అదే శరత్కాలంలో తెల్లవారే ఎర్రని వెలుగుతో అందుకున్నాడు. రాత్రి ఒకరిది, ఉదయం మరొకరిది, ఋతువు మాత్రం మారలేదు. ఆ మొదటి సమాసంలోనే అరుణ అన్న మాట పడడం చూసినప్పుడల్లా, ఎర్రన తన పేరును అక్కడ గుర్తుగా వదిలి వెళ్లాడేమోనని నాకు అనిపిస్తుంది. దానికి ఆధారం ఏమీ లేదు, ఊహ నాదే.